అయ్యగారికి తీపి పెడుతున్నదెవరు?

నర్సు తిరెసా సూది తీయగానే పాస్టరు నేమియా గారు మొహం అటు తిప్పుకుని కీర్తన అందుకున్నారు. ఆదివారం పూట సముద్రపు హోరును కూడా మింగేసే గొంతు అది. తన వేలి చివర రక్తపుబొట్టు కనిపిస్తే మాత్రం పిల్లికూన గొంతైపోతుంది. చక్కెర కొలిచే మీటరు ఆ బొట్టును పీల్చుకుంది. కీర్తన రెండో చరణంలోకి వెళ్ళకముందే అంకె చూపించింది.

"పదిహేడు," అంది తిరెసా.

"పోయిన బుధవారం పదిహేను," అంది పాస్టరు గారి భార్య రూతమ్మ.

"అంతకుముందు పదమూడు," అంది తలుపు దగ్గర నుంచి ఇంకో గొంతు.

ఆ గొంతు ఫెటువావోది. నిజానికి ఆ గదిలో ఆవిడకి పనేమీ లేదు. కానీ ఆవిడ ఊరి ఆడవాళ్ళ కమిటీకి అధ్యక్షురాలు. ఎవరి వాకిట్లో చెత్త ఉంది, ఎవరి దుప్పట్లు ఎండ మొహం చూడలేదు, ఎవరి పంది కంచె దాటింది అని ఇల్లిల్లూ తిరిగి తనిఖీ చేసే హక్కు ఆ కమిటీకి తాతల నాటి నుంచీ ఉంది. నెలకోసారి అని రాసుంది పుస్తకంలో. ఫెటువావో మాత్రం దాన్ని రోజుకోసారి అని చదువుకుంది. సవాయీ దీవి ఉత్తరపు ఒడ్డున ఆవిడ కన్ను పడని కుండ లేదు.

తిరెసా మీటరు పక్కన పెట్టి, అయ్యగారి ఎడమ కాలు ఒళ్ళో పెట్టుకుంది. రెండో వేలు నల్లగా కమిలి ఉంది.

"పరగడుపున ఏడు దాటకూడదు. మీది ఏ వారానికా వారం ఎక్కుతోంది. ఇలాగే ఎక్కితే ఈ వేలు దక్కదు అయ్యగారూ. వేలితో ఆగితే దేవుడి దయ. ఆగకపోతే కాలే తీసేస్తారు."

"పదింటిలో ఒకటే కదా," అన్నారు అయ్యగారు. "దశమభాగం ఇచ్చాననుకుంటాను."

రూతమ్మ చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంది. ఫెటువావో ఆ నల్లటి వేలినే చూస్తూ ఉంది. ఆవిడ పెళ్ళి చేసింది ఈయనే. ఆవిడ తల్లిని పూడ్చిపెట్టిననాడు వానలో తడుస్తూ నిలబడిందీ ఈయనే. ఇప్పుడు ఊళ్ళో ఎవరో ఈయన కాలు కొరికేస్తున్నారు.

ఎవరో పెడుతున్నారు. దొంగచాటుగా తీపి పెడుతున్నారు. అదొక్కటే మాట ఆవిడ బుర్రలో గిరగిరా తిరిగింది.

అనుమానించడానికి ఊరంతా అక్కర్లేదు, ఏడు కుటుంబాలు చాలు. అయ్యగారి పొయ్యి వెలగదు. ఆయన తిండి ఊరిది. వారానికి ఏడు రోజులు, రోజుకో కుటుంబం వంతు. వంతు వచ్చినవాళ్ళు ఉన్నంతలో మంచిది, ఉన్నంతలో పెద్దది పంపాలి. అయ్యగారి ముందు సగం పళ్ళెం పెట్టినవాడు ఊళ్ళో తలెత్తుకోలేడు. అయ్యగారు కూడా పళ్ళెం ఖాళీ చేసి పంపాలి. నాలుగు మెతుకులు తిరిగొచ్చాయంటే, ఫలానా వాళ్ళ వంట ఆయన గొంతు దిగలేదట అని సాయంత్రానికల్లా రేవు దాకా పాకిపోతుంది.

ఈ గొడవంతా నెల కిందట మొదలైంది. తిరెసా కమిటీ ఇంట్లో ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి, డబ్బాల మీదా పొట్లాల మీదా వెనకవైపు ఉండే లేబుల్ ఎలా చదవాలో పాఠం చెప్పింది. చక్కెర అని రాసున్న వరస చూడండి, ఐదు లోపుంటే మంచిది, పదిహేను దాటితే ముట్టుకోవద్దు అంది. ఆ తర్వాత గడుల గురించి ఇంకేదో చెప్పింది గానీ, సరిగ్గా అప్పుడే ఎవరిదో పంది పూలమొక్కల్లో దూరింది. అధ్యక్షురాలు చెప్పు పట్టుకుని దాని వెంట పడింది. పంది దొరకలేదు, పాఠంలో మిగతా సగమూ దొరకలేదు.

దొరికిన సగంతోనే ఫెటువావో రాజ్యం ఏలింది. మర్నాడే కొట్టుకెళ్ళి అరలన్నీ తిరగేసింది. వెనకవైపు లేబుల్ మీద "చక్కెర 4" అని ఉన్న ఓట్స్ బిస్కెట్ల పొట్లం ఒకటి ఆవిడ చేతికి చిక్కింది. తొలిపొద్దు బిస్కెట్లట. పొట్లం మీద పచ్చటి ఆకు, ఉదయిస్తున్న సూర్యుడు, పరిగెడుతున్న సన్నటి మనిషి. అయ్యగారికి ఇదే మందు అని తేల్చేసింది. కమిటీలో తీర్మానం పెట్టింది. కేకులు బంద్. నూనెలో వేయించిన తీపి ఉండలు బంద్. వంతు వచ్చిన ప్రతి ఇంటివాళ్ళూ పళ్ళెంతో పాటు ఒక తొలిపొద్దు పొట్లం పంపాలి. ఇంకా ఏది పంపినా దాని లేబుల్ కత్తిరించి అధ్యక్షురాలికి అప్పజెప్పాలి. లేబుల్ లేని తిండిని మాత్రం నమ్మడానికి వీల్లేదు.

చేమదుంపకి లేబుల్ ఉండదు, సీమపనసకీ ఉండదు. అందుకని అవి కూడా అనుమానితుల్లో చేరిపోయాయి. తాతముత్తాతల్ని పోషించిన దుంప, పాపం, పోలీసు ఠాణా ముందు నిలబడ్డ మనిషిలా బిక్కమొహం వేసుకుంది.

ఫెటువావో ఆ లేబుళ్ళన్నీ చక్కగా గళ్ళ అంచు వెంబడి కత్తిరించి ఒక నోటుబుక్కులో అంటించింది. ఆ బుధవారం పదిహేడు విని ఇంటికొచ్చాక, బుక్కు ముందేసుకుని ఒక్కో ఇంటినీ వేలితో నొక్కి చూసింది. ఆదివారం వాళ్ళది బాగుంది. సోమవారం వాళ్ళదీ బాగుంది. గురు, శుక్ర, శనివారాలు, తన సొంత బుధవారం, అన్నిచోట్లా నాలుగు, మూడు, నాలుగు. మంగళవారం పేజీ మాత్రం నున్నగా, ఖాళీగా ఉంది.

మంగళవారం సోసే ముసలమ్మ వంతు. నర్సు సూది గుచ్చేది బుధవారం పొద్దున.

"దొరికింది," అంది ఫెటువావో.

"ఏం దొరికింది? నా కళ్ళజోడా?" అన్నాడు మొగుడు తనియేలు.

"దొంగ."

"అమ్మయ్య. ఇవాళ నేను కాదన్నమాట."

సోసేకి డెబ్భై దాటాయి. మొగుడు పోయాడు. ఒంటరిగా ఉంటుంది, ఒంటి చేత్తో తోట చేసుకుంటుంది. ఫెటువావో వెళ్ళేసరికి కొబ్బరిచిప్పతో చేమదుంప తోలు గీకుతోంది. ఆ ఊరి ఇళ్ళకి స్తంభాలే గానీ గోడలుండవు గనక చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళు పనులాపి చెవులు రిక్కించారు.

"సోసే అత్తా, తనిఖీ."

"మొన్ననేగా చేసి పోయావు."

"ఇది వంటింటి తనిఖీ."

"నా వంటిల్లు ఎక్కడికీ పోలేదు. మొన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంది. చూసుకో తల్లీ."

ఫెటువావో మూతలెత్తింది, బుట్టలు దులిపింది. చాపల కింద చెయ్యి పెట్టి చూసింది. చక్కెర డబ్బా దొరికింది గానీ అందులో మేకులున్నాయి.

"నిన్న అయ్యగారికి ఏం పంపావు?"

"పిడికెడంత ఉడికిన చేమదుంప ముక్క. కాల్చిన చేప. గుమ్మడాకు కూర. నర్సు వద్దంది కదాని కొబ్బరిపాలు కూడా పొయ్యలా."

"పిడికెడంతేనా? అయ్యగారికా?" ఫెటువావో కళ్ళు చిన్నవయ్యాయి. అంత తక్కువ పంపిందంటే, చాటుగా ఇంకేదో పంపే ఉంటుంది. "దాని లేబుల్ ఏదీ?"

"దేనిదే?"

"చేమదుంపది."

సోసే చేతిలో దుంపని ఇటూ అటూ తిప్పి చూసింది. "మట్టి కడిగేశానమ్మా. దాంతో పాటు కొట్టుకుపోయుంటుంది."

పక్కింట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎగతాళొద్దత్తా. అందులో తీపెంతో, ఉప్పెంతో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసు. నాటింది నేను, పీకింది నేను. మధ్యలో ఎవరూ వచ్చి దానికి చక్కెర నీళ్ళు పట్టలేదు."

"మరి బిస్కెట్ల పొట్లం ఎందుకు పంపలేదు? కమిటీ తీర్మానం కదా?"

"కొన్నానమ్మా. పంపేముందు ఒకటి నోట్లో వేసుకున్నా. రంపపు పొట్టు నమిలినట్టుంది. పొట్టైతే పొట్టులే గానీ, తియ్యగా ఉందే అది! చక్కెర జబ్బు మనిషికి తియ్యటి పొట్టు ఎందుకని పందికి వేశా."

"తియ్యగా ఎందుకుంటుంది? నాలుగని రాసుంది."

"నా నాలిక మీద అలా రాయలేదే."

"నీ నాలిక వయసెంత, ఆ అచ్చు వయసెంత? కంపెనీ వాళ్ళు మరతో కొలిచి రాస్తారు!"

"సరే అయితే," అని సోసే మళ్ళీ దుంప గీక్కుంది. "నా దుంపని కూడా ఆ మర దగ్గరికి తీసుకుపో. దారి ఖర్చులు దానికి లేవు, నువ్వే పెట్టుకో."

ముసలమ్మ అంత తాపీగా ఉండటం చూసి ఫెటువావో అనుమానం ఇంకో అంగుళం పెరిగింది. తప్పు లేనివాళ్ళకి కోపం రావాలి కదా? ఒకవేళ కోపం వచ్చుంటే, చూశారా, తప్పు చేసింది కాబట్టే మండిపడిందని అనుకునేది. అనుమానానికి రెండు దవడలుంటాయి, పైది తప్పించుకున్నవాణ్ణి కిందది కరుస్తుంది.

తర్వాతి మంగళవారం ఆవిడ కాపలా కాసింది. కమిటీ ఇంటి నుంచి చూస్తే పాస్టరు గారి ఇల్లు ఎదురుగా కనిపిస్తుంది. ఊళ్ళో గోడలున్న ఇల్లు అదొక్కటే. ఇన్నేళ్ళూ అది గౌరవమనుకుంది. ఇప్పుడు మాత్రం, గోడలెందుకు, లోపలేం జరుగుతోందని ఒకటే గుబులు. చాప అల్లుతున్నట్టు కూర్చుని, అల్లిందే మళ్ళీ విప్పి అల్లుతూ, పొద్దున నుంచి చూపు తిప్పలేదు. ఎనిమిదింటికి తన మొగుడే ఆ ఇంట్లోకి వెళ్ళాడు, అయ్యగారితో పావులాట ఆడటానికి. బయటికొచ్చేదాకా ఆగి, దారికి అడ్డం తిరిగింది.

"జేబు చూపించు."

"నడిరోడ్డు మీదా?"

"చూపించు."

తనియేలు లుంగీకి కుట్టిన జేబు తిరగేశాడు. నాలుగు పావులు, ఒక చేపల గాలం. "ఈ గాలానికి లేబుల్ లేదు. ఆయన మింగలేదులే, భయపడకు," అని ఈల వేసుకుంటూ పోయాడు.

పన్నెండింటికి సోసే వచ్చింది. చేతిలో అరిటాకు కప్పిన బుట్ట. ఫెటువావో చాప వదిలేసి గాలివానలా మీద పడింది. "ఆగు!" అని ఆకు లాగేసింది. దుంప ముక్క, చేప, ఆకుకూర. బుట్ట అడుగు దాకా వేళ్ళు పెట్టి వెతికింది. చేప ముల్లు గుచ్చుకుని వేలు చిల్లింది.

"నర్సు రేపు కదా గుచ్చేది," అంది సోసే. "నీకింత తొందరేంటి?"

చుట్టూ జనం చూస్తున్నారు. ఫెటువావో చెవులు కాలిపోయాయి. దొరకలేదంటే ఇంకా తెలివిగా దాచిందన్నమాట. అటు తిరిగి పాస్టరు గారి పెరట్లో చెత్తబుట్ట కూడా తిరగేసింది. తొలిపొద్దు ఖాళీ పొట్లాలు ఆరు, వరసగా మడతపెట్టి ఉన్నాయి. వాటిని చూశాకే ఆవిడకి కాస్త ప్రాణం లేచొచ్చింది. పాపం అయ్యగారు, చెప్పిన మందు చెప్పినట్టే తింటున్నారు! ఆ ముసలమ్మే మధ్యలో పాడు చేస్తోంది.

మర్నాడు మీటరు పద్ధెనిమిది చూపించింది. ఆ సాయంత్రమే కమిటీ సమావేశం పెట్టింది.

"ఆరు రోజులు లేబుల్ ఉన్న తిండి తింటున్నాడాయన. ఏడో రోజు ఒక్కటే లేబుల్ లేని తిండి. ఆ మర్నాడే చక్కెర ఎక్కుతోంది. ఇంతకంటే ఋజువేం కావాలి?" అంది ఫెటువావో నోటుబుక్కు ఎత్తి చూపిస్తూ. "సోసే అత్త వంతు తీసేద్దాం. మంగళవారం కూడా మేమే పంపుతాం."

విసనకర్రలు ఆగిపోయాయి. అయ్యగారి వంతు తీసేయడమంటే మనిషి మొహాన ఊరు తలుపు వేసినట్టే. ఇద్దరు ముగ్గురు నోరు తెరవబోయారు. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టవుతుందని, సోసే తరఫున మాట్లాడితే రేపు తమ వంటిల్లు తనిఖీ అవుతుందని, తెరిచిన నోళ్ళు ఆవులించి ఊరుకున్నాయి.

సోసే మెల్లగా లేచింది. "ముప్ఫై ఎనిమిదేళ్ళు పెట్టాను. నలుగురు పాస్టర్లు మారారు. ఒక్కడి వేలూ నల్లబడలేదు," అంది. విసనకర్ర చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఈసారి చతుర్లేమీ ఆడలేదు.

ఆ మంగళవారం ఫెటువావో కోడిని వండి, పళ్ళెం నిండా పంపింది. లేబుల్ ఉన్న కోడి, కొట్టులో కొన్నది. దానితో పాటు తొలిపొద్దు ఒక పొట్లం. బుధవారం పొద్దున నర్సుకంటే ముందే వెళ్ళి పాస్టరు గారింట్లో కూర్చుంది. పది చూపిస్తుందా, తొమ్మిదా అని లోపల్లోపల పందెం వేసుకుంటోంది.

తిరెసా మీటరు వైపు చూసింది. ఒకసారి కాదు, రెండుసార్లు చూసింది. ఇంకో వేలు గుచ్చింది.

"ఇరవై రెండు."

తిరెసా కాలు పట్టుకుని చూసింది. నలుపు వేలి మొదలు దాకా దిగింది. "ఇంక నా చేతుల్లో లేదు. శనివారం పడవకి పక్క దీవిలో ఉన్న అపియా వెళ్ళాలి. పెద్దాసుపత్రిలో చూపించాలి."

రూతమ్మ ఏడుపు మొదలెట్టింది. ఫెటువావో వేళ్ళ మీద లెక్కేసింది. ఈసారి సోసే లేదు. సోసే దుంప లేదు. మరెవరు? ఆవిడ చూపు రూతమ్మ మీద పడింది, అక్కణ్ణుంచి అయ్యగారి దిండు కిందకి, అక్కణ్ణుంచి నర్సు సంచీలోకి కూడా వెళ్ళింది.

"అయ్యగారూ," అంది తిరెసా, మంచం పక్కన కూర్చుని. "నిన్న పొద్దున నుంచి నోట్లో పెట్టుకున్నది ఒక్కొక్కటీ చెప్పండి. పోయినసారి అంతా లేబుల్ తిండే అని ఒక్క ముక్కలో తేల్చారు. ఇవాళ అలా కుదరదు."

"పొద్దున డబ్బా చేప. మధ్యాహ్నం కోడి. సాయంత్రం టీలోకి ఆ బిస్కెట్లు. ఇంకేం లేదు తల్లీ."

"టీలో చక్కెర?"

"రెండేళ్ళయింది మానేసి."

"బిస్కెట్లు ఎన్ని?"

"ఎన్ని అంటావేంటి? పొట్లం."

తిరెసా రాస్తున్న పెన్ను ఆగింది. "పొట్లమంతా?"

"మరి సగం వెనక్కి పంపితే పంపినవాళ్ళు ఏమనుకుంటారు? పైగా మందు అని చెప్పింది ఫెటువావో. మందు సగం మింగి సగం ఉమ్మేస్తామా?" అయ్యగారు గొంతు తగ్గించారు. "నిజం చెప్పాలంటే నాకవి ఇష్టం కూడా లేదమ్మా. కష్టం మీద దించుతున్నా. ఆఖరి ఆరూ టీలో ముంచితే గానీ దిగవు."

"రోజూనా?"

"సోసే పంపిన రోజు తప్ప."

ఫెటువావో ఒక్క ఉదుటున నోటుబుక్కు తెరిచింది. "అందులో తప్పేముంది? నాలుగు! ఇదుగో చూడు, నాలుగు! నువ్వే కదా ఐదు లోపుంటే మంచిదన్నావు!"

తిరెసా ఆ అతికించిన ముక్కని చూసింది. కత్తెర గీత వెంట ఎంత నీటుగా వెళ్ళిందో చూసింది. "దీని పైన ఏముండేది?"

"ఏవో చిన్న అక్షరాలు. గడుల్లో లేవు కదాని తీసేశా."

రూతమ్మ లోపలికెళ్ళి బుధవారం కోసం వచ్చి ఉన్న కొత్త పొట్లం తెచ్చింది. తిరెసా దాన్ని ఫెటువావో చేతిలోనే పెట్టింది. "గడుల పైన చదువు. గట్టిగా చదువు అక్కా."

ఫెటువావో కళ్ళజోడు సవరించుకుంది. పొట్లం దూరంగా పట్టి, దగ్గరగా పట్టి చదివింది. "ఒకసారి తినేది... ఒక బిస్కెట్టు. పన్నెండు గ్రాములు. పొట్లంలో పద్ధెనిమిది..."

మళ్ళీ మొదటి నుంచి వేలు పెట్టి చదివింది.

"ఆ నాలుగు పొట్లానికి కాదక్కా. ఒక్క బిస్కెట్టుకి," అంది తిరెసా. "పక్క గడి చూడు. వంద గ్రాములకి ఎంతుంది?"

"ముప్ఫై మూడు."

"ఐదు, పదిహేను అని నేను చెప్పింది ఆ గడి గురించి. వంద గ్రాముల గడి. ఏ పొట్లమైనా, ఏ డబ్బా అయినా అందులో చూస్తేనే ఒకదానితో ఒకటి పోల్చగలం. ముందు గడిలో అంకె ఎంత చిన్నగా కావాలంటే అంత చిన్నగా రాసుకోవచ్చు, ముక్క చిన్నది చేస్తే సరి."

"పొట్లం మీద రాస్తే పొట్లానికే అనుకోమా!" ఫెటువావో గొంతు అరుపుకీ ఏడుపుకీ మధ్య ఎక్కడో ఇరుక్కుంది. "ఒక్క బిస్కెట్టు ఎవడు తింటాడు? ఒక్క బిస్కెట్టు ఎవడికైనా పెడతారా? కుక్కకి కూడా పెట్టరే!"

తిరెసా రూతమ్మని అడిగి, చుట్టాల కోసం దాచిన చక్కెర డబ్బా తెప్పించింది. ఖాళీ టీకప్పు ముందు పెట్టి, చెంచాతో చక్కెర పోయడం మొదలుపెట్టింది. నాలుగు గ్రాములంటే ఒక చెంచా. ఒక బిస్కెట్టు, ఒక చెంచా. రూతమ్మ పైకే లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర ఆవిడ మొహం కప్పుకుంది. మిగతా తొమ్మిదీ అయ్యగారు తానే లెక్కపెట్టారు. పద్ధెనిమిదికి తెల్లటి గుట్ట కప్పు సగాన్ని దాటింది.

"ఇది చక్కెర మాత్రమే. పిండి వేరే," అంది తిరెసా. "వారానికి ఆరు రోజులు. పోయిన వారం మాత్రం ఏడు."

ఏడు అన్న మాట ఫెటువావో నెత్తిన కొబ్బరికాయలా పడింది. ఆ ఏడో రోజు ఎవరిది? ఎవరి చేతిలోంచి లాక్కుంది? వారానికి ఒక్కరోజైనా ఈ కాలిని కాపాడుకొచ్చిన చేయి అది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దొంగ కోసం ఏడిళ్ళూ తిరిగింది. దొంగ ఆవిడ తీర్మానంలోనే పొట్లం కట్టుకుని కూర్చుంది.

ఇంటికెళ్ళి పెట్టె తెరిచి, అమ్మ ఇచ్చిన సన్నటి నేత చాప తీసింది. ఆ చాప పెళ్ళికో చావుకో తప్ప పెట్టె దాటదు.

"ఎవరు పోయారు?" అన్నాడు తనియేలు కంగారుగా.

"నేనే," అని వెళ్ళిపోయింది.

ఆ దేశంలో పెద్ద తప్పు చేసినవాళ్ళు ఎదుటివాళ్ళ ఇంటి ముందు నేల మీద కూర్చుని, తల మీదుగా చాప కప్పుకుంటారు. లోపలివాళ్ళు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తియ్యకపోతే అలా కూర్చోవడమే. మనుషుల్ని చంపిన ఇళ్ళవాళ్ళు కూర్చుంటారు అలా. చేమదుంపని అవమానించినందుకు ఎవరూ కూర్చోలేదు ఇప్పటిదాకా.

మిట్టమధ్యాహ్నం ఎండ. చాప కింద ఫెటువావోకి తన ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. కాసేపటికి అడుగుల చప్పుళ్ళు, గుసగుసలు. ఊరంతా వచ్చిందని అర్థమైంది. సోసే రాలేదు. పొయ్యి మీద నీళ్ళు మరిగే చప్పుడు వచ్చింది. తర్వాత టీ పోసుకునే చప్పుడు. తర్వాత తాగే చప్పుడు. ముసలమ్మ చాలా నిదానంగా తాగింది.

అప్పుడు కర్ర కొస ఒకటి చాపని పొడిచింది.

"ఈ మూటేంటర్రా, నా వాకిట్లో? లోపలేముందో ఎలా తెలుస్తుంది? దీనికి లేబుల్ కూడా లేదే!"

జనం పగలబడి నవ్వారు. చాప కింద ఫెటువావో ఏడ్చింది, ఏడుస్తూ తనూ నవ్వింది.

"అత్తా," అంది లోపల్నుంచి. "శనివారం పడవ. కాలు తీసేస్తారేమో అత్తా. ఈ మూడు రోజులైనా నువ్వే పెట్టు. నా వంతు కూడా నువ్వే పెట్టు. నేను వచ్చి పొయ్యి ఊదుతా."

సోసే చాప లాగేసింది. చెమటతో, కన్నీళ్ళతో, అంటుకున్న జుట్టుతో ఆ మొహాన్ని కాసేపు చూసింది.

"లే. ఆ గుమ్మడాకు కోసుకురా. చిన్నవి కోయి, ముదురువి కాదు. కోసేటప్పుడు నా తోట తనిఖీ చేశావో, చేతులు విరగ్గొడతా."

శనివారం పడవెక్కేసరికి మీటరు పదహారుకి దిగింది. వేలు మాత్రం దక్కలేదు. అపియాలో డాక్టరు వేలు తీసేసి, ఇంకో వారం ఇరవై రెండులో ఉండుంటే పాదం దాకా వెళ్ళేదని చెప్పాడు. పాదం నిలబడింది. మూడు వారాల తర్వాత అయ్యగారు చేతికర్రతో, తొమ్మిది వేళ్ళతో రేవులో దిగారు.

ఆ రోజు కమిటీ ఇంట్లో ఊరంతా కలిసి ఆయనకి భోజనం పెట్టింది. పెద్దలంతా స్తంభాలకి ఆనుకుని వరసగా కూర్చున్నారు. మొదటి పళ్ళెం అధ్యక్షురాలు మోసుకొచ్చి పెట్టాలి. ఫెటువావో మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి పెట్టింది. పిడికెడంత చేమదుంప, అరచేయంత చేప, ఆకుకూర. పళ్ళెంలో సగం మేర అరిటాకు పచ్చగా, ఖాళీగా మెరుస్తోంది.

విసనకర్రలు మళ్ళీ ఆగిపోయాయి. ఆ ఊరు పుట్టాక అయ్యగారి ముందు సగం పళ్ళెం పెట్టడం అదే మొదటిసారి. ఓ పెద్దాయన దగ్గాడు. ఫెటువావో మెడ మీద చెమట కాలువ కట్టింది, కానీ చేతులు వెనక్కి తీసుకోలేదు, తల కూడా దించలేదు.

అయ్యగారు పళ్ళెం చూశారు. అరిటాకు అంచు ఎత్తి కింద చూశారు. తర్వాత ఫెటువావోని చూశారు.

"దారిలో ఎవరైనా తిన్నారా?"

"లేదయ్యగారూ."

"వంటింట్లో?"

"లేదండీ. అంతే. ఈ రోజుకి అంతే."

"నిజమే చెబుతున్నావా? నీ మూతి ఒకసారి ఇటు తిప్పు."

ఊరిని తనిఖీ చేసే అధ్యక్షురాలు, ఊరందరి ముందు మూతి తిప్పి చూపించింది. అయ్యగారు పరీక్షగా చూసి, ఇంకా నమ్మకం కుదరక, వెనక కూర్చున్న సోసే మూతి కూడా చూశారు. తర్వాత నిట్టూర్చి చేతులు జోడించి ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ఆయన మాత్రం ఒక కన్ను తెరిచి పళ్ళెం మీదే ఉంచారు, ఉన్న సగమైనా ఆమెన్ చెప్పేలోపు ఎవరూ ఎత్తుకుపోకుండా.